అవ్వ ఎడమ చేయి

మా ఇంట్లో ఎవరూ వెనక నుంచి మాట్లాడరు. నాన్నతో, అంటే మా బాపుతో, ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడాలి, నోరు బాగా తెరిచి చెప్పాలి. పెళ్ళికి ముందు నుంచీ ఆయన సూరత్‌లోని ఉధ్నాలో సాంచాలు నడిపాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. అవి వరసగా ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చెవులు పోయాయి. అప్పటి నుంచి ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది. కరెంటు పోతే మా ఇంట్లో మాటలు కూడా పోయేవి. మా అమ్మ, అంటే మా అవ్వ, టార్చిలైటు తన మొహం మీదికి తిప్పుకుని, "ఏం కూరొండాలె?" అని అడిగేది. దయ్యంలా కనబడుతున్నావని నేను నవ్వితే ఆ లైటుతోనే నెత్తిన ఒకటి వేసేది.

చెవిటోని ముందు శంఖం ఊదినట్టు అని బస్తీలో ఎగతాళి చేసేవాళ్ళు. "మా శంఖం మాకు ఇనబడ్తది, నీకేంది?" అనేది అవ్వ. నిజమే. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నంతగా నేనూ మా ఆయనా మాట్లాడుకోం, మా ఇద్దరి చెవులూ బాగానే ఉన్నా.

అవ్వ రోజూ మధ్యాహ్నం కార్ఖానాకు అన్నం డబ్బా తీసుకుపోయేది. నేను కూడా పోయేదాన్ని. ఆ చప్పుడులో పనివాళ్ళంతా చేతులతోనే చెప్పుకునేవాళ్ళు. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గరికి తెస్తే చాయ్‌కి పోదామని. అరచేయి చాపి కిందికి రెండుసార్లు నొక్కితే సాంచా బంద్ పెట్టమని, ఇక చాలని. తలుపు దగ్గర నిలబడి చూసి చూసి అవ్వ అవన్నీ నేర్చుకుంది. ఇంట్లో బాపు మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకుంటుంటే అరచేయి చాపి కిందికి నొక్కేది. ఆయన నవ్వుకుంటూ కంచం ముందు నుంచి లేచేవాడు.

పోయిన వానాకాలం అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది. కుడి కాలు కొంచెం తేరుకోవడంతో దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తోంది గానీ, నోరు మాత్రం ఒక పక్కకు లాగేసింది. మాట ముద్దగా వస్తుంది. నేను దగ్గరికి పోయి చెవి పెట్టి వింటే సగం తెలుస్తుంది. బాపుకు ఆ పెదవులే కదా చెవులు. అవే వంకరపోయాయి. ఆమె నోరు తెరిస్తే ఆయనకు ఒక్క ముక్క దొరకడం లేదు. మొదట్లో గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పి చూసేవాడు. "ఇంకోపారి చెప్పు, ఇంకోపారి" అనేవాడు. ఆమె చెప్పేది. తర్వాత తర్వాత ఆయన అడగడం మానేశాడు, ఆమె చెప్పడం మానేసింది. చలికాలం వచ్చేసరికి ఆయన ఆమె మొహంలోకి చూడడమే మానేశాడు. అన్నం తినిపించేటప్పుడు కూడా ముద్దను చూసేవాడు, మొహాన్ని కాదు. నాకు మండిపోయేది. అడుగుదామని నోరు తెరిచేసరికి ఆయన కళ్ళు కనబడేవి, కంచం తీసుకుని కడగడానికి పోయేదాన్ని.

మెడలో నరానికి ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. మాట తిరిగి వస్తుందని చెప్పలేదు. ఇంకోసారి పక్షవాతం రాకుండా ఉండొచ్చన్నాడు, అది కూడా దేవుడి మీద భారం వేసే గొంతుతోనే. బాపు వెంటనే సరే అన్నాడు. అవ్వను ఎవరం అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్తుంది, ఎలా చెప్తుంది అనుకున్నాం. సోమవారం ఆస్పత్రిలో చేర్చాలి.

ముందురోజు ఆదివారం కడోదరాలోని మా ఇంటి నుంచి నేను వచ్చాను. చౌక్ బజార్ మీదుగా ఎప్పుడు బస్సులో పోయినా అవ్వ కిటికీలోంచి కోట గోడను చూసి, "గా గోడెన్క ఏమున్నదో ఒక్కనాడన్న సూపియ్యవైతివి" అని బాపును దెప్పేది. సెలవు వచ్చిందంటే బాపు నిద్రపోయేవాడు. ఇన్నేళ్ళు సూరత్‌లో ఉండి కోట లోపలికి పోలేదు మేం. చేర్చేముందు ఒకసారి చూపిద్దామని ఆటో మాట్లాడాను.

పరంగులు, అంటే పోర్చుగీసువాళ్ళు, సముద్రం మీద నుంచి వచ్చి ఊరు దోచుకోకుండా ఒక సుల్తాను కట్టించాడట ఆ కోట. తర్వాత దాంట్లో ఇంగ్లీషువాళ్ళు జెండా ఎగరేసుకున్నారు. ఇప్పుడు చాలాభాగం బాగుచేసి మ్యూజియం పెట్టారు. ఎవరిని రానివ్వకూడదని కట్టారో అలాంటివాళ్ళే వచ్చి కాపురం చేసిపోయారు, ఏ గోడైనా అంతే. ఒక మూల పాత గోడ రాళ్ళు తేలి ఉంది. అవ్వ అక్కడ ఆగి, ఎడమ చేత్తో ఆ గోడను తడిమి చూసింది. ఎండ బాగా ఉంది. "ఇగ సూసినవా? ఏం లేదు, రాళ్ళే" అన్నాడు బాపు, గోడవైపు తిరిగి.

లోపల ఒక గదిలో పాత బట్టలు పెట్టారు. ఒక జరీ గుడ్డ ముందు తాడు కట్టి ఉంది. బట్ట కనబడితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపకుండా ఏ నేతగాడూ ఉండలేడు. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళ చీర కొంగు పట్టుకుని బాపు తిట్లు తిన్న రోజులున్నాయి. ఇక్కడా తాడు మీద నుంచి వంగి ఆ జరీ అంచు పట్టుకున్నాడు. "కాకా, హాత్ మత్ లగావ్", ముట్టుకోవద్దు అని వెనక నుంచి కాపలా అతను అరిచాడు. బాపుకు వినబడలేదు. అతను ఇంకా గట్టిగా అరిచాడు. గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఇలాంటప్పుడు అవ్వే ఆయన చెవులు. భుజం తట్టి, ఎదురుగా పోయి, పెదవులతో మెల్లగా చెప్పేది. ఇప్పుడు కూడా కాలు ఈడ్చుకుంటూ నాకంటే ముందే పోయింది. భుజం తట్టింది. నోరు తెరిచింది. పక్కకు లాగిన ఆ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది, చొంగ కారింది. ఎవరో చిన్నపిల్ల భయపడి వాళ్ళమ్మ వెనక్కి పోయింది. బాపు ఒక్క క్షణం ఆమె నోటిని చూసి తల తిప్పేసుకున్నాడు. అవ్వ అలాగే నోరు తెరుచుకుని నిలబడింది. బాపు చేతిలోంచి గుడ్డ నేనే విడిపించి, కాపలా అతనికి దండం పెట్టి, ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు దగ్గర అవ్వ ఆటో రేకు మీద చేత్తో కొట్టి ఆపించింది. ఖాడీ అంటారు దాన్ని ఇక్కడ. రంగుల మిల్లుల నీళ్ళు కూడా అందులోనే పోతాయి. ఈ మధ్య గట్టు మీద కటకటాలు కట్టి, సిమెంటు బల్లలు వేసి, నీళ్ళు చూడడానికి జనం నిలబడే చోటు ఒకటి చేశారు. సముద్రం పోటు మీద ఉన్నట్టుంది, నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయి. ఉప్పువాసన, రంగువాసన కలిసి వస్తున్నాయి. బాపు, అవ్వ బల్ల మీద కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. బాపు నీళ్ళనే చూస్తున్నాడు.

అవ్వ ఎడమ చెయ్యి పెట్టి ఆయన గడ్డం తనవైపు తిప్పుకుంది. నోరు తెరవలేదు. మూసుకునే ఉంచింది. రెండు వేళ్ళు కలిపి విడదీసింది. పోగు తెగింది.

బాపు కార్ఖానా మానేశాక ఆ సైగలు కూడా పోయాయనుకున్నాం మేం. ఎడమ చేత్తో కూడా చెయ్యొచ్చని మాకెవరికీ తోచలేదు. అన్ని నెలల తర్వాత ఆయన ఆమె మొహంలోకి చూశాడు, నేను చూశాను. ఆయన మొహం వెలిగింది. "చెప్పు, చెప్పు" అన్నాడు.

అవ్వ తన మెడ మీద వేలు పెట్టింది, డాక్టరు కోస్తానన్న చోట. తర్వాత అరచేయి చాపి కిందికి నొక్కింది. ఆగి, మళ్ళీ ఇంకోసారి నొక్కింది.

కార్ఖానాలో ఆ చివర ఎవరైనా ఈ సైగ చేస్తే ఈ చివర నుంచి చూసి సాంచా ఆపిన మనిషి బాపు. ఆయన ఆమె చేతిని చూశాడు, మెడను చూశాడు, మొహాన్ని చూశాడు. తర్వాత నీళ్ళ వైపు తిరిగాడు.

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. "అవ్వ ఏమంటున్నది బాపు?"

"ఏమో బిడ్డా," అన్నాడు. "నాకేం సమజైతలేదు."

అవ్వ మూడోసారి చెయ్యి ఎత్తింది. ఆయన నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండానే ఆ చెయ్యి అందుకున్నాడు. వేళ్ళన్నీ ముడిచి పిడికిలి చేసి, తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. అవ్వ లాక్కోలేదు. ఆయన భుజం మీద తల వాల్చింది. ఆయన ఏడుస్తున్నాడని నాకు మెడ కదలికను బట్టి తెలిసింది. నాకు కూడా ఏడుపు ఆగలేదు.

ఆటోలో ఉధ్నా దాకా ఆ పిడికిలి అలాగే పట్టుకున్నాడు. చూసేవాళ్ళకు ఎంత ప్రేమో అనిపించి ఉంటుంది. ప్రేమే. కానీ ఆమెకు మిగిలిన నోరు అదొక్కటే, దాన్ని ఆయన మూసి పట్టుకున్నాడు. విప్పమని అడిగే హక్కు నాకు ఉందో లేదో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఇంటి ముందు దిగాక ఒక చేత్తో ఆమె నడుము పట్టుకున్నాడు. రెండో చేతిలో ఆమె పిడికిలి అలాగే ఉంది.

"తాళంచెవి నా జేబుల ఉన్నది," అన్నాడు. "నువ్వే తీస్కో బిడ్డా."