ఎదురుకోళ్ళ నాటి నవ్వు

జగిత్యాలలో పెళ్ళికి ముహూర్తం పెట్టేది పంతులే అయినా, ఆ పెళ్ళి మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పేవాడు మాత్రం ఫోటోగ్రాఫర్ లింగమూర్తి. అతని మూడుకాళ్ళ కెమెరా పందిట్లో దిగిందంటే పిల్లతండ్రి కూడా నోరు మూసుకోవలసిందే. తలంబ్రాలు దోసిట్లోకి తీసుకున్న పెళ్ళికూతురిని అలాగే ఉండమనేవాడు. నల్లగుడ్డలో తల దూర్చి చూసేవాడు, బయటికొచ్చి ఆమె గడ్డం పైకెత్తించేవాడు, మళ్ళీ దూరేవాడు. చివరికి "ఇగ ఎవ్వలు మెసలద్దు! ఊపిరి బిగబట్టుండ్రి!" అని అరిచేవాడు. బియ్యం పట్టుకున్న చేతులు గుంజుతున్నా ఎవరూ కిక్కురుమనేవారు కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి గోడ మీద చూసినా కొత్త దంపతులు కోర్టులో తీర్పు వినబోతున్నవాళ్ళలా కూర్చుని ఉండేవారు. అదే మర్యాద అనుకున్నారు జనం. లింగమూర్తీ అదే అనుకున్నాడు, పాపం.

అరవై ఒకటి ఎండాకాలంలో అతని బావమరిది రాములు పెళ్ళయింది. రాములు మంచిర్యాలలో రైల్వే కొలువు చేసేవాడు. అక్కడి దోస్తు దేవదాసును పెళ్ళికి వెంటబెట్టుకొచ్చాడు. పాతికేళ్ళు నిండని దేవదాసు మెడలో చిన్న కెమెరా వేలాడుతోంది. స్టాండు లేదు, గుడ్డ లేదు. వాడు ఎవరినీ నిలబడమనలేదు, ఇటు చూడమనలేదు. విస్తర్లు కుడుతున్న ముసలమ్మనూ, బాజాల పక్కనే నోరు తెరిచి నిద్రపోతున్న చంటిదాన్నీ, చెప్పుల కోసం వెతుక్కుంటున్న పిల్లతండ్రినీ చకచకా తీసుకుంటూ పోయాడు.

లింగమూర్తి చూసి చూసి ఆగలేకపోయాడు. "గిదేం తీసుడు తమ్మీ? చెప్పకుంట తీస్తె దొంగతనం గాదా?"

"చెప్తె బిగుసుకపోతరే అన్నా," అని నవ్వి వెళ్ళిపోయాడు దేవదాసు. ఆ నవ్వు లింగమూర్తికి అన్నం సహించనివ్వలేదు.

నెల తిరిగాక రాములు అక్కాబావలను చూడడానికి జగిత్యాల వచ్చాడు. తల్లి కనకవ్వ కూడా వెంట వచ్చింది. లింగమూర్తి అట్ట మీద అంటించిన పెద్ద గ్రూపు ఫోటో తెచ్చి నడింట్లో పెట్టాడు. "మంచిగున్నది అల్లుడా," అని కనకవ్వ దాన్ని గోడకు ఆనించింది. తర్వాత రాములు సంచిలోంచి దేవదాసు ఇచ్చిన చిన్న ఫోటోలు తీశాడు. ఇక చూడాలి! ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకున్నారు, పగలబడి నవ్వారు, కనకవ్వ అయితే కళ్ళు తుడుచుకుంది. గోడకు ఆనించిన అట్టవైపు మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఆ చిన్నవాటిలో ఒకటి లింగమూర్తి చేతికొచ్చింది. ఎదురుకోళ్ళ నాటిది. రెండు వైపుల పెళ్ళివారు ఊరి బయట ఎదురుపడి గులాలు చల్లుకుంటున్నారు. ఆ సందడి మధ్యలో తన భార్య బాలవ్వ ఉంది. బుగ్గల నిండా గులాలు, జారిన కొంగు. తల వెనక్కి వాల్చి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. కాపురానికొచ్చి పదిహేనేళ్ళయినా ఆ నవ్వును లింగమూర్తి ఒక్కనాడూ చూడలేదు. తన స్టూడియోలో ఆమెవి ఏడు ఫోటోలున్నాయి. ఏడింటిలోనూ మూతి బిగించే ఉంది.

అతనికి కుళ్ళు పుట్టింది. మాటలు మార్చి చెప్పి లాభం లేదు, అది అచ్చమైన కుళ్ళే. పనితనం మీద కొంత, పెళ్ళాం మీద కొంత. ఎవడో ముక్కూమొహం తెలియని పిల్లగాడికి దొరికింది తనకెందుకు దొరకలేదు? ఆ ఫోటోను ఎవరూ చూడకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. వాడి ఫోటోను తలదన్నేలా బాలవ్వ నవ్వును తన చేత్తో ఒక్కసారి తీసి తీరాలనుకున్నాడు. తీయలేకపోతే ఇన్నేళ్ళ తన పనితనమంతా బూడిదేనని అతనికి తోచింది.

మర్నాడు చుట్టాలు బస్సెక్కగానే భార్యను స్టూడియోలో కూర్చోబెట్టాడు. "నవ్వు," అన్నాడు. ఆమె పళ్ళు కనిపించేలా పెదవులు లాగింది. "గట్ల గాదు. మంచిగ నవ్వు." ఇంకా లాగింది. కొంగు సర్దాడు, తల పక్కకు తిప్పాడు, జోకు చెప్పాడు. ఆ జోకు ఆమె పెళ్ళికి ముందే విన్నది. ఫోటో తీసే గాజు ప్లేట్లు నాలుగు పాడయ్యాయి. అయిదోది పెట్టబోయే ముందు చమట తుడుచుకుంటూ ఆ ఫోటోను జేబులోంచి తీసి ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"వానికైతె గిట్ల నవ్వస్తది! నాకైతె రాదు! ఎవ్వల జూసి నవ్వినవే గంత పొంగిపోయి? వాన్నేనా?"

బాలవ్వ ఫోటోను చాలాసేపు చూసింది. కోపం తెచ్చుకోలేదు. పెదవి చివర నవ్వు మొదలైంది. లింగమూర్తి చెయ్యి కెమెరా మీదికి పోయింది గానీ అందులో ప్లేటు లేదు.

"నిన్నే," అంది.

"నన్నా?"

"పిల్లదిక్కు ఆడోళ్ళు ఎనుకకెల్లి వచ్చి నీ నల్లగుడ్డ లేపి నెత్తి మీద గులాలు కుమ్మరియ్యలే? ఎర్రటి మీసాలేసుకొని బయటికొచ్చి, గప్పుడు సుత 'మెసలద్దు' అనే ఒర్రినవ్. ఎంత ముద్దుగున్నవో. నవ్వాగలే నాకు."

"మరి నాకు కనవడలేదేందే?"

"నువ్వు నా దిక్కు ఎప్పుడు జూసినవ్? కెమెరా పెట్టెల దుమ్ము వడ్డదని దాన్నే తుడుసుకుంట గూసున్నవ్."

ఇంకో మొగుడైతే ఆ మాటకు పొంగిపోయేవాడే. లింగమూర్తి మటుకు ఫోటో అందుకుని కూలబడ్డాడు. ఇప్పుడు అసూయ రెండింతలైంది. పెళ్ళాం తనను చూసి అంత మురిసిపోయిన ఆ ఒక్క ఘడియను కళ్ళారా చూసినవాడు దేవదాసు.