గడప ఖర్చు

డిప్లొమా చివరి ఏడాది ప్రాజెక్టుకు చక్రాల కుర్చీని కొత్తగా తయారుచేద్దామన్నది నేను. రికార్డులో మాత్రం "బృందం ఆలోచన" అని ఉంది. బృందమంటే ముగ్గురు మగపిల్లలు, నేను. మొదటి రోజే ఒకడు వెల్డింగు తీసుకున్నాడు, ఒకడు డిజైను తీసుకున్నాడు, ఇంకొకడు లీడరయ్యాడు. "నువ్వు ఆడపిల్లవు, జాగ్రత్తగా ఉంటావు, ఖర్చులు చూసుకో" అన్నాడు లీడరు. అది మెచ్చుకోలు అనుకొమ్మన్నట్టు నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే.

కుర్చీ మార్కాపురంలో మా వీధిలోనే ఉండే అత్త కోసం. చుట్టరికం లేదు, పిలుపే. పలకల కార్ఖానాలో జారిపడి నడుము దెబ్బతిన్నప్పటినుంచి ఆమె లేచి నడవలేదు. ఇంట్లోనే కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. వీధిలోకి రావాలంటే మామ ఎత్తుకుని రావాలి. మామ పనికి పోతే చీకటి పడితే గాని రాడు.

"కుర్చీ ఎట్లుండాలత్తా?" అని అడిగాను.

"ఎట్లనన్నా ఉండనీ. ట్యాంకరొచ్చినప్పుడు నా అంతట నేను బయటికి పోవాల. పక్కింటామె నా బిందె వరసలో పెడతాది, ఎవరో వెనక్కి జరుపుతారు. ఎవరో నాకు తెలుసు. మొహాన అడగాల. రెండేండ్లుగా ఈ వీధిలో గొడవలన్నీ నేను లేకుండానే అయిపోతుండాయి పాపా."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?

మా నలుగురి డబ్బు, కాలేజీ ఇచ్చిన కాస్త కలిపినా కొత్త కుర్చీ రాదు. పాత ఇనుము దుకాణంలో విరిగిన కుర్చీ కొని సైకిల్ చక్రాలు వేద్దామన్నాను. వెంటనే ఒప్పుకున్నారు. అట్లా నేను మిగిల్చిన డబ్బుతో రంగు లైట్లు, ఫోను స్టాండు, హారను కొనుక్కొచ్చారు.

"హారనెందుకు? అత్త గొంతు మీరు వినలేదా?" అన్నాను.

"మార్కులు పడొద్దా?" అన్నాడు డిజైనువాడు.

కొలతలకు అత్త ఇంటికి పోయాం. టేపు పట్టి తలుపు వెడల్పు రెండుసార్లు కొలిచారు. కొలుస్తూ లోపలికీ బయటికీ తిరిగారు. మధ్యలో బెత్తెడు ఎత్తున గడప ఉంది, పసుపు రాసి, బొట్లు పెట్టి. గడప తొక్కకూడదని మాకు ఊహ తెలిసినప్పటినుంచి చెబుతూనే ఉన్నారు. కాలెత్తి దాటడం ఎంత అలవాటంటే, అక్కడ ఎత్తుందని వాళ్ల కాళ్లకు తెలిసింది గాని తలలకు తెలియలేదు.

నేను గడపకు రెండు పక్కలా వాలుగా బండలు, సిమెంటు అని అంచనాలో రాసి అక్కడే చూపించాను. లీడరు పగలబడి నవ్వాడు. "మనం చేసేది కుర్చీనా, ఇల్లా? బేల్దారి పని సిలబస్‌లో లేదమ్మా."

"గడప కోసేస్తే సరి" అన్నాడు వెల్డింగువాడు.

"ముందు మీ ఇంట్లో కోసుకో నాయనా" అంది అత్త లోపలినుంచి. "లక్ష్మీదేవి యాడికి పోతాదో చూసి, మా ఇంటికి రా."

మా ప్రాజెక్టు చూసే సార్ దగ్గరికి పోయాను. సార్ ఎర్ర పెన్నుతో అంచనాలో గడప ఖర్చు కొట్టేసి, ఆ డబ్బుకు ఫ్లెక్సీ వేయించమన్నారు. కుర్చీ ఇచ్చే రోజు అతిథి వస్తారు, శాలువా కూడా కావాలి. ఫ్లెక్సీలో అతిథి బొమ్మ తలుపంత, సార్ బొమ్మ కిటికీ అంత, మగపిల్లల బొమ్మలు పలకలంత వచ్చాయి. నా బొమ్మకు చోటు చాలలేదట. కుర్చీ బొమ్మకూ చాలలేదు కాబట్టి, నా ఒక్కదానికే అన్యాయం జరిగిందని అనలేను.

ఆ రోజు అత్త ఇంటి ముందే శాలువా కప్పారు, అత్తకు కాదు, అతిథికి. కుర్చీని ఎత్తి లోపల పెట్టారు. ఎత్తుతున్నప్పుడు కూడా ఎవరికీ ఏమీ తట్టలేదు. అత్తను కూర్చోబెట్టారు. లైట్లు వెలిగాయి, హారను మోగింది. అత్త చక్రాలు తిప్పుకుంటూ చక్కగా తలుపు దాకా వచ్చి, గడపకు తగిలి ఆగింది. మళ్లీ తోసింది. మళ్లీ ఆగింది. బయట ఫోటోలు తీసేవాడు "ఇంకొంచెం ముందుకు రామ్మా" అంటున్నాడు.

చివరికి ముగ్గురు పిల్లలూ సారూ తలా ఒక మూల పట్టుకుని అత్తను కుర్చీతో సహా లేపారు.

"నలుగురు మోసేదానికి ఇంకా టైముంది కదా నాయనా" అంది అత్త గాల్లోనే. "ఇప్పుడే తొందరేంది?"

వీధంతా నవ్వింది. అతిథి చప్పట్లు కొట్టారు. ఆ ఫోటోలో నేను లేను. గాలికి ఫ్లెక్సీ పడిపోకుండా వెనక నిలబడి పట్టుకున్నది నేనే.

అందరూ పోయాక మామ అత్తను మళ్లీ ఎత్తి లోపల పెట్టాడు. "బాగుందిలే పాపా, ఇంట్లో తిరగనీకి" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు స్క్రూడ్రైవరుతో లైట్లు, స్టాండు, హారను ఊడదీశాను. ఎవరినీ అడగలేదు. ఖర్చులు చూసుకొమ్మన్నారు, చూసుకున్నాను. దుకాణం ఆయన గొణుక్కుంటూ సగం ధరకు వెనక్కి తీసుకున్నాడు. దానికి సిమెంటు వచ్చింది. పనికిరాని పలకరాయి ఊరి బయట గుట్టలుగా పడి ఉంటుంది. మామ ఆటోలో వేసుకొచ్చాడు. లోపలొకటి, బయటొకటి, గడప ఎత్తుకు సమంగా నిడివైన వాలు కట్టాం. చక్రం జారకుండా రాతి గరుకు వైపు పైకి పెట్టాం.

"గడప మీదుగా పోవచ్చా అత్తా?"

"తొక్కేది కాలు. ఇది చక్రం. లక్ష్మీదేవి సర్దుకుంటాదిలే."

వైవాలో బయటినుంచి వచ్చిన సార్, ఈ ప్రాజెక్టులో గొప్ప సంగతి ఏమిటని అడిగితే, "వాలు సార్, మా ఆలోచన" అన్నాడు లీడరు. బేల్దారి పని సిలబస్‌లో లేదన్న మాట అందరి ముందూ గుర్తుచేశాను. మార్కులు తగ్గితే తగ్గనీ.

తర్వాత వచ్చిన ట్యాంకరుకు అత్త ఒళ్లో బిందె పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టకుండా గడప దాటి వీధిలోకి దిగింది. ఆడవాళ్లంతా దారిచ్చారు. నేరుగా వరస దగ్గరికి పోయి, నీలం బిందె ఒకదాన్ని వెనక్కి నెట్టి అక్కడ తనది పెట్టింది.

"అత్తా, అది మాది."

"తెలుసు పాపా. రెండేండ్లు నాది జరిపింది మీ అమ్మే. పోయి పిలుచుకొని రా."

వరస మా బిందె దాకా వచ్చేసరికి ట్యాంకరులో నీళ్లయిపోయాయి. ఆ ఒక్క ఖర్చు నా అంచనాలో లేదు.