మా స్టేషన్ చరిత్ర, సౌకర్యాలు: నేను రాసిన రెండు పేజీలు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, లోకమంతా తమ చేతిరాత కోసమే కాచుకుని ఉందని ఒక నమ్మకం ఉండేది. అందరి సంగతీ నాకెందుకు, నాకు మాత్రం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు, గంజి పెట్టిన నూలు చీర, భుజాన సంచి, సంచిలో రైలు పాసు. ఇల్లు ఆదోనిలో, ఉద్యోగం కోసిగి వైపు ఒక పల్లెలో తెలుగు టీచరుగా. పొద్దున ప్యాసింజరుకు వెళ్లడం, సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి రావడం. నేను దిగే స్టేషన్ పేరు చెప్పను. (చెప్తే ఆ పక్క వాళ్లెవరైనా గుర్తుపట్టి నవ్వుతారని ఇప్పటికీ భయం.) ఒక పెంకుల గది, ఒక వేపచెట్టు, రెండు సిమెంటు బెంచీలు. సాయంత్రం బండి నాలుగున్నరకు రావాలి. ఐదున్నరకు వచ్చిందంటే ఈ రోజు తొందరగా వచ్చిందే అనుకుని ఎక్కేవాళ్లం.

నాతోపాటు అక్కడ కాచుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మిరప కోతలకు వచ్చిన కూలీలు, కూరగాయల గంపలవాళ్లు, ఆదోని నుంచి కనకాంబరాలు తెచ్చి పల్లెల్లో అమ్ముకునే ఒక పెద్దామె. ఆమెను మేమంతా పూలక్క అని పిలిచేవాళ్లం. ప్లాట్‌ఫారం చివర ‘స్త్రీలకు మాత్రమే’ అని బోర్డున్న మరుగుదొడ్డి ఒకటి ఉండేది. దానికి పిడికిలంత తాళం, తాళం నిండా తుప్పు. అది తెరిచి ఉండగా చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. కుళాయి అసలే లేదు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన నీళ్లే, మళ్లీ ఇల్లు చేరాకే. ఆ ఎండాకాలం ఒక సాయంత్రం పూలక్క కళ్లు తిరిగి బెంచీ మీద నుంచి కింద పడిపోయింది. స్టేషన్ మాస్టరు తన కుండలో నీళ్లు గ్లాసుతో తెచ్చి ఇస్తే, ఆమె పెదవులు తడుపుకుని గ్లాసు పక్కకు నెట్టేసింది. “వద్దులే సామీ. బండి ఎప్పుడొస్తాదో ఏమో. తాగితే యాడికి పోవల్ల?” అంది. ఆమె అరికాళ్లు రుద్దుతూ నేను చాలా బాధపడ్డాను. పడి, రెండు వారాల్లో మరిచిపోయాను.

ఎలా మరిచిపోయానో చెప్పాలంటే స్టేషన్ మాస్టరు గురించి చెప్పాలి. గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మెత్తటి మనిషి. టెలిఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడేవాడు. ఒక రోజు నా దగ్గరకొచ్చి, “టీచరుగారూ, పై ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారండి. స్టేషన్ చరిత్ర, సౌకర్యాలు అని రెండు పేజీలు రాసి ఉంచమన్నారండి. మీ అక్షరాలు ముత్యాలని పిల్లలంతా చెప్పుకుంటున్నారు కదండీ” అన్నాడు. ముత్యాలన్న మాటకు నేను పడిపోయాను.

చరిత్ర కోసం, అక్కడే పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఒక తాతను వేపచెట్టు కింద కూర్చోబెట్టి అడిగాను. “చరిత్ర ఏముండాదమ్మా? బొగ్గింజన్లకు నీళ్లు కావల్సొచ్చినాయంట. ఈడ బాయిలో నీళ్లు శానా ఉండాయని దొరలు ఈడ ఆపినారు. అంతే” అన్నాడు. ఇంజన్లు కడుపునిండా నీళ్లు తాగిన చోట మనుషులు గొంతెండి కూర్చున్నారన్నది నాకు అప్పుడు తట్టలేదు. తాత చరిత్ర మరీ పొట్టిగా ఉందనిపించింది, అంతే. కాబట్టి విజయనగర రాజులు హంపికి వెళ్తూ ఈ ప్రదేశంలో విడిది చేసేవారని ప్రతీతి అని మొదలుపెట్టాను. (ఎవరి ప్రతీతి అని అడగకండి.)

సౌకర్యాల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మాస్టరు గొంతు తగ్గించి, “లేవని రాస్తే నన్ను కాల్చుకు తింటారండి. కొంచెం ఉన్నట్టే రాయండి” అన్నాడు. ఆయన కుండ ‘శీతల పానీయ జల సౌకర్యం’ అయింది. వేపచెట్టు ‘విశాలమైన విశ్రాంతి స్థలం’ అయింది. తాళం పడిన గది ‘మహిళా ప్రయాణికులకు ప్రత్యేకమైన, పరిశుభ్రమైన ఏర్పాటు’ అయింది. రాసింది మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను.

తనిఖీ రోజు మేమంతా బండి కోసం కూర్చుని ఉండగా ఆఫీసరు పట్టాల మీద మోటారు ట్రాలీలో వచ్చారు. వచ్చే ఆఫీసరు ఆడమనిషని మాకెవరికీ తెలియదు. రెండు గంటలు ఎండలో ట్రాలీ మీద కూర్చున్న మనిషి, ముఖం కందిపోయి ఉంది. నా కాగితాలు అందుకుని, ఒక పేరా దగ్గర ఆగి, “మంచిది. ముందు నేను ఇక్కడికి వెళ్లొస్తాను” అంటూ ‘పరిశుభ్రమైన ఏర్పాటు’ మీద వేలు పెట్టారు.

“తాళం చెవి రిపేరుకు వెళ్లిందండి” అన్నాడు మాస్టరు.

“తాళం చెవా? రిపేరుకా?”

చివరికి గ్యాంగ్‌మన్ ఒకాయన గునపంతో తాళం పగలగొట్టాడు. లోపల పాత సిగ్నల్ లాంతర్లు, విరిగిన కుర్చీలు, తీగ చుట్టలు. వాటి మధ్య, కిటికీ కంతలోంచి ఎప్పుడు దూరిందో, ఒక పెట్టకోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి రెక్కలు విదిల్చి గట్టిగా కసిరింది. అందరం బిగుసుకుపోయి నిలబడితే పూలక్క మాత్రం, “బోర్డు సదువుకోనే పోయుంటాది మేడం. అది గూడా ఆడదే గదా” అంది.

ఆఫీసరు నవ్వలేదు. ఆవిడ అవస్థ అలాంటిది. అది ముందుగా కనిపెట్టింది పూలక్కే. దగ్గరికి వెళ్లి మెల్లగా, “రామ్మా, మేము పోయే తావు చూపిస్తా. పాములుంటాయి, చూసి అడుగెయ్యల్ల” అని ఆవిడ చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించింది. కంపచెట్ల ముందు ఇద్దరు కూలీ ఆడవాళ్లు ఒక పాత చీర అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. మాస్టరు ఆ వైపు వీపు పెట్టి, రైలు లేని పట్టాలకేసి పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాడు, పాపం.

ఆవిడ తిరిగొచ్చి మాస్టరు కుండలో నీళ్లతో చేతులు కడుక్కుని, “ఎవరు రాశారు ఇది?” అని అడిగారు. నేను లేచాను.

“రాజుల సంగతి సరే. మీరు రోజూ ఎక్కడికి వెళ్తారమ్మా?”

“ఎక్కడికీ వెళ్లమండీ. నీళ్లు తాగం” అన్నాను. ఆ రెండు ముక్కలకే నాకు ఏడుపొచ్చింది. పూలక్క అరికాళ్లు నా చేతుల్లో చల్లగా తగలడం అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ తన కలం తీసి నా చేతిలో పెట్టి, కాగితం వెనక్కి తిప్పి, “ఇటువైపు రాయండి” అన్నారు. ఆడవాళ్లంతా చుట్టూ మూగి తలా ఒక మాట చెప్తుంటే నిలబడే రాశాను. అక్షరాలు ముత్యాల్లా రాలేదు, కాకిగీతల్లా వచ్చాయి. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకున్నారు.

ఆ ఎండాకాలం పోకముందే కుళాయి వచ్చింది, గది శుభ్రమైంది. కోడిపిల్లలు బయటికొచ్చేదాకా సున్నం వేయనివ్వనని మాస్టరు మొండికేయడంతో పని కొన్నాళ్లు ఆలస్యమైంది. ఆయనకు ఏ శిక్షా పడలేదు. తొలిరోజు పూలక్క కుళాయి కింద దోసిలి పట్టి, ఎవరో తరుముతున్నట్టు గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, “ఇంగ బండి ఎప్పుడన్నా రానీ” అంది.

పోయిన నెల పని మీద ఆ స్టేషన్‌లో దిగాను. కరెంటు తీగలు, ఎత్తు ప్లాట్‌ఫారం, నున్నటి బండల హాలు వచ్చేశాయి. తిరుగు బండి ఆలస్యమని మైకులో ఒక గొంతు మూడు భాషల్లో చెప్పి, ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అంది. మా కాలంలో మా అసౌకర్యానికి ఎవరైనా చింతించినట్టు జ్ఞాపకం లేదు. ఫక్కున నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల చెవిలోంచి తీగ తీసి, “ఏమైంది ఆంటీ?” అంది. రెండు తెల్లకాగితాల మీద ఒక స్టేషన్‌నే కట్టేయబోయిన గంజి చీర పిల్ల ఒకతె గుర్తొచ్చిందని చెబుదామనుకున్నాను. చెబితే చాలాసేపు పడుతుంది. “ఏం లేదమ్మా” అని, కాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.