పదకొండు నెలల కాపురం

ఆ రోజుల్లో నాకు తెలియని చట్టం లేదని నా గట్టి నమ్మకం. లా రెండో ఏడు చదువుతూ, కొంతం చౌక్ దగ్గర ఒక వకీల్ సాబ్ ఆఫీసులో మధ్యాహ్నాలు టైపు చేసేదాన్ని. చేసేవన్నీ భాడే కరార్లే, అంటే అద్దె ఒప్పందాలే. సోలాపూర్‌లో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడికీ పదకొండు నెలల కాగితం కావాలి కదా. ఒకే మరాఠీ కరారును కంప్యూటర్లో దాచుకుని, పేర్లు మార్చి ప్రింటు తీయడమే నా న్యాయశాస్త్ర పాండిత్యం. (అమ్మ మాత్రం బీడీలు చుడుతూ, "మా పిల్ల కోర్టు పని చేస్తది" అని పేటంతా చెప్పుకునేది.)

జోడ్‌భావి పేట్‌లో మా ఎదురింట్లో చాటత్త, టవల్ మామ ఉండేవాళ్ళు. ఒడిలో బీడీల చాట లేకుండా అత్తనూ, భుజాన తను నేసిన టవల్ లేకుండా మామనూ ఎవరూ చూసి ఎరగరు. అత్త భర్త పోయినావిడ, మామ అసలు పెళ్ళే చేసుకోని మనిషి. మామ పేరున ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో ఏళ్ళుగా కలిసి ఉంటున్నారు. పెళ్ళి మాటెత్తితే అత్త, "ఒకసారి చేసుకున్న, బస్, చాలు. వంట చేస్త, తోడుంట. మళ్ల ఆ తాళి గీళి నాకొద్దు" అనేది. పేట కొన్నాళ్ళు ముక్కున వేలేసుకుని, తర్వాత అలవాటు పడిపోయింది.

మామ అన్న కొడుకులు మాత్రం అలవాటు పడలేదు. "మా కాకకేమన్న అయితే ఈమెను ఆ రోజే బైటికి పంపిస్తం" అని గల్లీలో అందరి ముందే అనేవాళ్ళు. ఆ మాట మామను తొలిచేసింది. ఒకనాడు నా దగ్గరికొచ్చి, "బిడ్డా, నేను లేకపోతే ఈమె యాడికి పోతది? ఒక పక్కా కాగద్ రాయి" అన్నాడు. వకీల్ సాబ్‌ను అడగాలన్న బుద్ధి నాకుండాలి. అడిగితే నా పరువేం కాను? నా కరారు తెరిచి, పేర్లు మార్చి, "అద్దెకు ఉండుటకు" అన్నచోట "కలిసి ఉండుటకు" అని కొట్టాను. మిగతాది చదవనేలేదు. ఇద్దరూ సంతకాలు చేశారు. అత్త ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది.

ఏడాది తిరగకుండానే మామకు టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. ఒక పొద్దున అత్త ఆయనకు అన్నం డబ్బా తీసుకుని బయల్దేరుతుంటే అన్న కొడుకులిద్దరూ తాళంకప్పతో దిగారు. అత్త బెదరలేదు. "నాకు కాగద్ ఉన్నది" అని తెచ్చి చేతికిచ్చింది. పెద్దవాడు ఆ మరాఠీ కాగితాన్ని తెలుగు చేస్తూ గల్లీకంతా వినపడేలా చదివాడు. ఇద్దరూ పదకొండు నెలలు కలిసి ఉండవలెను. గోడలకు మేకులు కొట్టరాదు. గడువు ముగియగానే రెండవ వారు సామానుతో సహా ఖాళీ చేయవలెను.

"గడువు మొన్ననే అయిపోయింది. ఇగ నడువు" అన్నాడు వాడు. గల్లీ అంతా నవ్వింది. మా గుమ్మంలో నిలబడ్డ నా వైపు అత్త చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చెప్పుల్లేకుండా పరుగెత్తుకెళ్ళి వకీల్ సాబ్‌కు అంతా చెప్పేశాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత నన్ను స్కూటర్ ఎక్కించుకుని వచ్చాడు. "అరే, ఆ కాగద్ చింపి పారెయ్యుండ్రి. ఇన్నేండ్లు మొగుడు పెండ్లాల లెక్క ఒక ఇంట్ల ఉన్నరు, గల్లీ మొత్తం సాక్షి. పెండ్లి కాకున్నా ఆమెకు ఈ ఇంట్ల ఉండే హక్కున్నది. కోర్టు హుకుం లేకుండ బైటికి పంపిస్తే కేసు మీ మీద పడ్తది. అయినా మీ కాక ఇంక బతికే ఉన్నడు గదరా!" అన్నాడు. వాళ్ళు తాళంకప్ప జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. అత్త చల్లారిన డబ్బా తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

మామ కోలుకున్నాక వకీల్ సాబ్ దగ్గరుండి, ఇల్లు అత్తకు చెందేలా వీలునామా రిజిస్టరు చేయించాడు. నాచేత ప్రతి పంక్తీ పైకి చదివించాడు. అంతటితో కథ కంచికి వెళ్ళిందనుకున్నాను. పదకొండు నెలలకు అత్త మామను వెంటబెట్టుకుని వచ్చి, "మళ్ల రాయి బిడ్డా" అంది.

"వీలునామా ఉంది గదా అత్తా, ఇదెందుకు?"

"అది ఈయన పోయినంక పనికొచ్చేది. ఇది ఉన్నన్నాళ్ళకు. మేకుల మాట తీసెయ్యకు మల్ల!"

ఖాళీ చేయాలన్న షరతు మాత్రం తీసేశాను. "ఇంకో పదకొండు నెలలు కలిసి ఉండుటకు సమ్మతమేనా?" అని చదివితే, మామ టవల్‌తో మొహం తుడుచుకుని "ఉంట" అన్నాడు. అత్త కాసేపు బెట్టు చేసి, "సరే తియ్, ఉంట" అంది.

ఇప్పుడు నేనే వకీలును. ప్రతి గడువుకూ వచ్చినట్టే మొన్న కూడా ఇద్దరూ వచ్చి రాయించుకుని వెళ్ళారు. మామ చేయి వణుకుతుంటే అత్త కాగితం కదలకుండా పట్టుకుంది. వాళ్ళు వెళ్ళాక నాకెందుకో దిగులేసింది. నాది రిజిస్టరైన పెళ్ళి, గడువు లేనిది. అందుకేనేమో ఇన్నేళ్ళలో నన్నెవరూ ఉంటావా అని అడగలేదు, నేనూ అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయన పక్కన కూర్చుని, "ఇంకో పదకొండు నెలలు నాతోని ఉంటవా?" అన్నాను.

ఆయన ఫోన్లోంచి తలెత్తి, "ఎందుకు, ఇల్లు మారుతున్నమా?" అన్నాడు.

నవ్వేశాను. చదవకుండా సంతకాలు పెట్టించిన ఆ లా రెండో ఏటి పిల్లే నయం, గడువైనా పెట్టింది.