కప్ప గొంతు కొమురమ్మ

కొమురమ్మ ముఖం ఏ సినిమాలోనూ కనిపించదు. గొంతు మాత్రం వందల్లో వినిపిస్తుంది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో పసిపిల్లల ఏడుపూ, మేకల అరుపూ, పెళ్లి సీనులో జనం గోలా ఆమెవే. రహమత్‌నగర్ నుంచి నడిచివచ్చి ఇరవై రెండేళ్లుగా అదే పని. మనిషి మాటకు గొంతివ్వాల్సివచ్చినప్పుడల్లా ఆమె తెలంగాణ యాస మార్చమనేవాళ్లు. పొట్ట కోసం మార్చేది.

ఒక సినిమాలో కథంతా పశ్చిమ కనుమల వర్షారణ్యంలో బతికే బొటనవేలంత కప్ప చుట్టూ తిరుగుతుంది. ఆ ఒక్క కొండ తప్ప దానికి వేరే ఇల్లు లేదు. దాన్ని కాపాడడానికే హీరో పోరాటం. ఆ కప్పకు గొంతివ్వమని కొమురమ్మను పిలిచారు. అడవిలో యూనిట్ రికార్డు చేసిన టేపు గాలిహోరుతో పాడైంది, అయినా పట్టుబట్టి పదిసార్లు విన్నది. ఆ కప్ప బెకబెకమనదు. గులకరాయి మీద గులకరాయి తట్టినట్టు టిక్, టిక్ అంటుంది, అంతే.

తెర మీద అదే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, కప్ప గొంతు సంచి పొంగిన ప్రతిసారీ నాలుకతో అలాగే ఇచ్చింది. సౌండ్ ఇంజనీరు వీరభద్రం బొమ్మ ఆపేశాడు. జనానికి కప్పంటే బెకబెకేనని, ఇది వింటే గడియారమనుకుంటారని, మామూలుగా ఇచ్చి వెళ్లమని నచ్చజెప్పాడు. ఆమె కదలలేదు. వేరేవాళ్లను పిలిపిస్తానన్నాడు, ఇకమీదట ఏ థియేటర్ నుంచీ పిలుపు రాదన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. భయమూ వేసింది. కోపం దాన్ని మించిపోయింది.

"ఇరవై రెండేండ్ల సంది మీరు చెప్పినట్టు నా మాట మార్చుకున్న సారూ. పొట్ట కోసం మార్చుకున్న. గా కప్ప మిమ్మల్ని పనడగలే. దాని మాట దాన్ని మాట్లాడనియ్యుండ్రి."

చెప్పులేసుకుని వచ్చేసింది. ఎవరో వెళ్లి బెకబెకమని వచ్చారు. పిలుపులు ఆగిపోయాయి. మధురానగర్‌లో రెండిళ్లలో వంటకు కుదిరింది.

సినిమా వచ్చిన వారం వదిన మల్లమ్మను వెంటేసుకుని ఎర్రగడ్డ దగ్గర మ్యాట్నీకి వెళ్లింది. తడి ఆకు మీద కప్ప, తెర నిండా. గొంతు సంచి పొంగింది. స్పీకర్లలో చెరువు కప్పలు బెకబెకలాడాయి. పొంగుకూ అరుపుకూ పొంతనే లేదు. కొమురమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"టిక్" అంది, గట్టిగా. మళ్లీ పొంగింది, మళ్లీ అంది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగారు. మల్లమ్మ కొంగు పట్టి లాగింది. ఒకాయన నోరు మూసుకోమన్నాడు.

"గది గట్లనే అరుస్తది" అని ఆయనకు చెప్పి తెరవైపు తిరిగింది. ఇక్కడ బొమ్మ ఆపేవాళ్లెవరూ లేరు. సీను అయ్యేదాకా ఒక్క పొంగు కూడా వదలకుండా గొంతు కలిపింది.