ఎలుక కొరికిన చీర, ఢిల్లీ దీపం

దీపం ఎట్లా పెట్టాలో ప్రపంచానికి చూపించినవాడు మా తాత భూమన్న. దేశదేశాల కంపెనీలు తర్వాత వచ్చాయి. ఇట్లా రాస్తే నలుగురూ నవ్వుతారని నాయనమ్మ చంద్రవ్వ అంటుంది. నవ్వనీ. 1955లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ పారిశ్రామిక ప్రదర్శనలో, దీపాల దుకాణానికి సరిగ్గా ఎదురుగా రెండు నెలలు కూర్చున్న మనిషి సుల్తానాబాద్ తాలూకాలో ఇంకొకడుంటే తీసుకురండి.

అయితే తాత ఢిల్లీకి దీపాలు చూడాలని పోలేదు. పేరు బాధ పడలేక పోయాడు.

ఆ ఏడు ఎండకాలం మా ఊరి చేనేత సంఘం చీరల పోటీ పెట్టింది. ప్రెసిడెంటు చొక్కారావు దొర. పుట్టి బుద్ధెరిగి మగ్గం గుంటలో కాలు పెట్టినవాడు కాదు, భూములున్నవాడు గనుక ప్రెసిడెంటు అయ్యాడు. తాత నెలన్నర కూర్చుని ఎర్రంచు చీర నేశాడు. దొర దాన్ని చేతుల్లోకి తీసుకుని, అంచు వెంట ఉన్న సన్నని రంధ్రాలు చూసి, అందరి ముందు ఎత్తి పట్టాడు.

"ఏంరా భూమిగా, ఎలుకలు కొరికిన చీర దెచ్చినవ్?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నేతగాళ్లే ఎక్కువ. అదీ తాతకు మంట. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తాం. దాని రెండు కొసలకూ ముళ్లుంటాయి, అవి అంచుల్లో దిగుతాయి. నాలుగు వేళ్ల మేర నేసినప్పుడల్లా దాన్ని పీకి ముందుకు జరుపుకోవాలి. చేత్తో నేసిన ఏ గుడ్డకైనా ఆ గుర్తులుంటాయి. దొరకు తెలియకపోతే పోనీ, నేతగాళ్లకు తెలియదా? ఒక్కడూ నోరు విప్పలేదు. మొదటి బహుమతి దొర బామ్మర్ది దయాకర్‌రావు పేరు మీద వచ్చిన నున్నని చీరకు పోయింది. తాతకు దక్కింది పేరు: ఎలుకల భూమన్న. బజార్లో పిల్లలు కూడా అదే పేరుతో పిలిచేవాళ్లు.

ఆ చలికాలం ఢిల్లీ ప్రదర్శనలో మగ్గం మీద కూర్చుని నేసి చూపించడానికి ఒక మనిషి కావాలని కబురొచ్చింది. చలికి జడిసి ఎవరూ ముందుకు రాలేదు. ఎలుకల పేరు వినబడని ఊరు ఏదైనా సరే అని తాత బయలుదేరాడు.

తాత మగ్గానికి ఎదురుగా ఒక చలిదేశం వాళ్ల దీపాల దుకాణం. మొదటి రోజు తాత దాన్ని చూసి వాళ్లు దివాలా తీశారనుకున్నాడట. ఎక్కడా వెలిగే బల్బు కనబడదు. ఒక దీపం మీద ముంత బోర్లించినట్టు రేకు, ఇంకొక దాని చుట్టూ కాగితం. వెలుతురు గోడ వెంట జారుతుంది గానీ ఎక్కడినుంచి జారుతుందో తెలియదు. మనం పెళ్లిలో దీపం పెడితే దీపాన్నే చూడాలని పెడతాం, పెట్రోమాక్సు కళ్లలో పొడవాలి. వాళ్లేమో దీపాన్ని దాచి సామానును చూపిస్తారు. ఇంత ఖరీదు పెట్టి చీకటి కొనుక్కునే వాళ్లను ఎక్కడా చూడలేదని తాత ఇప్పటికీ అంటాడు.

ఒకరోజు ఆ దుకాణం తెల్లాయన ముచ్చటపడి తాత నేసిన గుడ్డను తీసుకుపోయి గోడకు వేలాడదీశాడు. ఎదురుగా దీపం పెడితే గుడ్డ నున్నగా, బల్లపరుపుగా ఉంది. అదే దీపాన్ని పక్కకు జరిపి, వెలుతురు గుడ్డ మీద ఏటవాలుగా పారేటట్టు పెట్టాడు. ప్రతి పోగూ లేచి నిలబడింది. అంచు వెంట ముల్లు గుర్తులు చీమల బారులాగా నల్లగా కనబడ్డాయి. తెల్లాయన అందానికి మురిసిపోయాడు. తాత మాత్రం చొక్కారావును తలుచుకున్నాడు.

తిరిగి రాగానే డాల్డా డబ్బాలు కోసి పెట్రోమాక్సులకు సగం చుట్టూ తొడుగులు చేశాడు. నాయనమ్మను కూర్చోబెట్టి గడ్డం కింద, పక్కన, తల మీద దీపం పెట్టి చూశాడు. కింద పెట్టినప్పుడు ఆమె అద్దంలో తన మొహం తాను చూసుకుని జడుసుకుందట. తాతకు అది బాగా నచ్చింది.

మరుసటి ఎండకాలం మళ్లీ పోటీ. ఢిల్లీ చూసొచ్చినవాడు గనుక దీపాలు తాతే పెట్టాలని దొరే హుకుం ఇచ్చాడు. తాత వంగి వంగి సరేనన్నాడు. సంఘం హాల్లో చీరలన్నీ వరసగా వేలాడదీశాడు. దయాకర్‌రావు చీరను నడుమ పెట్టాడు, గౌరవమని చెప్పి. దొర కుర్చీ కాళ్ల దగ్గర ఒక దీపం పెట్టాడు. పొద్దుగూకాక దొర వచ్చి కూర్చోగానే ముక్కు నీడ నుదుటి దాకా పాకింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తాత ఆ నవ్వుతో సరిపెట్టుకునే రకం కాదు. పక్క దీపాల తొడుగులు ఒక్కొక్కటే తిప్పాడు. వెలుతురు చీరల మీద ఏటవాలుగా పారింది. ప్రతి చీర అంచుకూ చీమల బారు. నడుమ చీరకు మాత్రం ఏమీ లేదు.

"దొరా, నిరుడు నా చీర ఎలుకలు కొరికినయన్నరు. గిప్పుడు సూడుండ్రి, అందరియి కొరికినయ్. మీ బామ్మర్దిది ఒక్కటే ముట్టలే. మిల్లుల ఎలుకలుండయా?"

నిరుడు అందరికంటే గట్టిగా నవ్విన నేతగాడు సాంబయ్య లేచి వచ్చి, నడుమ చీర అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమాడు. తర్వాత దొర దిక్కు చూడకుండా అన్నాడు.

"ఇది మగ్గం మీదిది గాదు."

దీపాలు ఆర్పమని దొర అరిచాడు. దీపాలు సంఘానివి, ప్రెసిడెంటు మీరు, మీరే ఆర్పుండ్రి అని తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొరకు పెట్రోమాక్సు ఆర్పడం రాదు. కాసేపు దాని చుట్టూ తిరిగి, వేలు కాల్చుకుని, చెప్పులు మరిచి బయటికి పోయాడు. వానలు పడకముందే ప్రెసిడెంటు పదవీ వదిలాడు. ఆ ఏడు బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

తాత గెలిచాడని నేననుకున్నాను. కానీ తగులుకున్న పేరు అంత తొందరగా పోదు. ఈ పన్నెండేళ్లలో నేతగాళ్లు మానేశారు గానీ, సుల్తానాబాద్ అంగట్లో బేరగాళ్లు ఇప్పటికీ ఎలుకల భూమన్న అంటే తప్ప గుర్తుపట్టరు.

మొన్న దొర ఇంటి నుంచి మనిషి వచ్చాడు. దొరకు చూపు మందగించిందట, భూమన్న చేతి ధోతి కట్టుకోవాలని కోరికట. తాత మగ్గం ఆపకుండానే కాదన్నాడు. ముసలాయన, కండ్లు గూడ కనవడయి, ఇగ మాఫ్ చెయ్యరాదా తాతా అని నేను బతిమాలాను. తాత పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని నా దిక్కు చూశాడు.

"నలుగురి ముందట అన్నడు. మాఫీ గూడ నలుగురి ముందట అడగమను. మద్యల నువ్వెవనివిరా?"