కొంగు మీది పసుపు పువ్వు

ట్రాకింగ్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెర మీద ఫోకస్ చూపించే ఆకుపచ్చ గడి తూనీగ కంటి మీద ఒకసారి పడిందంటే, అదెటు కదిలినా ఇక వదలదని మిర్రర్‌లెస్ కెమెరా అమ్మినవాడు నమ్మబలికాడు. వాకాడు బస్టాపులో ఒక పిచ్చిమొక్క మీద తూనీగ వాలితే, మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి బిగబట్టాను. సముద్రపు గాలికి కొమ్మ ఊగింది. గడి కంటి మీంచి రెక్క మీదికి, రెక్క మీంచి గడ్డి మీదికి గెంతింది. మళ్ళీ పెడితే మళ్ళీ గెంతింది.

"గాలి తోలతా ఉంటే అదెట్ట నిలస్తాది అబ్బయ్యా?" అంది బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ. నేను అడగకుండానే మొక్కకు అవతల నిలబడి, కొంగు చాపి గాలికి అడ్డం పట్టింది. కొమ్మ ఆగింది. అప్పుడే బస్సొచ్చింది. ఆమె రెండో చెయ్యెత్తి దాన్ని ఆపింది.

"ఉండు నాయనా, పురుగును ఫోటో తీస్తా ఉండాడు!"

కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. గడి నిలిచింది కదా అని నొక్కాను. డ్రైవరు హారన్ కొట్టాడు. తూనీగ ఎగిరిపోయింది.

బస్సెక్కి, డ్రైవరును నాలుగు తిట్టి, ఆమె నా పక్కనే కూర్చుంది. "ఏదీ, చూపించు" అంది. తూనీగ ఉత్త మసక. వెనకున్న ఆమె కొంగు మీది పసుపు పువ్వు మాత్రం పోగులు లెక్కపెట్టేంత స్పష్టంగా పడింది.

"నా కోకను తీసేదానికా ఇంతమందిని నిలబెట్టినావు?"

బస్సంతా నా వైపు తిరిగింది. కెమెరాదే తప్పన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఆ గడితో నాకింకా గొడవే. గాలి వీచినప్పుడల్లా మాత్రం, మొక్కకు అవతల ఎవరైనా నిలబడ్డారేమోనని తలెత్తి చూస్తాను.